వాయించకండా నిలబడ్డం

ఆదివారం పదకొండున్నరకి ఫోను.
ఒరిస్సా నుండి, చిల్క నుండి.
పది నిమిషాలే ఇస్తారు గుంటకి.
మొదటి రెండూ వాళ్లమ్మవి:
తిన్నావేటే, జుత్తు మళ్లీ కత్తిరించీసినారేటే.
మిగతావి నావి.

ఈ వారం దమయంతి సెప్పినాది:
"నాన్నా, నన్ను బ్యాండులోకి తీసుకున్నారు."

నాకు నవ్వొచ్చింది.
విజయనగరంలో, మూడు లాంతర్ల కాడ,
సైకిలు షాపు మీద గదిలో,
బ్యాండులోనే కదేటి పుట్టినాది అది!
జోలపాటేటి ఇన్నాది?
అప్పలస్వామి క్లారినెట్టు రీడు తడుపుకుంటా
తీసిన కీచు సప్పుడు తప్ప.
ఏడో ఏట తలగడ మీద పుల్లలు ఆడించినాది.
పదమూడుకి నా ఎనకాల, ఊరేగింపులో.
"ఆడపిల్లని రాత్రుళ్లు తిప్పుతావేట్రా గురువులూ"
అన్నోళ్లకి
నెత్తి మీద లైట్లు మోసుకెళ్లే ఆడోళ్లని సూపించీవోణ్ణి.
ఆళ్లు మాటాడీవోరు కాదు.

పరుగులో మోకాలు వాసిపోయి
ఎనక వరసలో నిలబడున్నాదంట.
పెటీ ఆఫీసరొచ్చి
ఎవరికైనా వాయిద్యం వొచ్చా అన్నాడంట.
కేరళ గుంటొకతి, చర్చిలో కీబోర్డు అన్నాది.
పంజాబు గుంటడు డోలు అన్నాడు.
మా గుంట ఏటీ అన్నేదు.
రెండు సూపుడేళ్లతోనీ తొడల మీద
సన్నంగా ఒక రోలు కొట్టినాదంట, ఆగకండా.
"ఎక్కడ నేర్సుకున్నావ్?"
"పెళ్లిళ్లలో సార్."
వరసంతా నవ్వినారంట.
ఆయన నవ్వనేదంట.

మా కోట్లు సూసినారా ఎప్పుడైనా?
ఎర్రగుడ్డ, భుజాల మీద జరీ కుచ్చులు,
టోపీకి రంగేసిన కోడీక.
ఏ పటాలందో కుట్టినోడికీ తెల్దు.
ఇరవయ్యారేళ్లు సిపాయి యేసంలో నడిసినాను,
ఒక్కుడు సెల్యూటు కొట్నేదు.
తాగీసిన కప్పు సేతిలో ఎట్టి
"అవతల పారీ" అన్నోళ్లున్నారు.
ఇప్పుడు దానికి కొలత తీసి తెల్లబట్టలిచ్చినారంట.
"బరువేనేటమ్మా?" అన్నాను.
"ఇస్త్రీ బరువు నాన్నా."

ఎనిమిదో నిమిషంలో గొంతు తగ్గించి అడిగినాది:
"వాయించడం కష్టం కాదు.
జెండా పైకెల్లేటప్పుడు
నాలుగు లెక్కలు ఊరుకోవాల.
పుల్లలు గాల్లోనే ఉండాల, రెప్ప కొట్టకూడదు.
అందరూ ఆగుతారు,
నా సెయ్యే ఒకసారి టక్‌మంటాది.
నువ్వెలగ ఆగుతావు నాన్నా?"

నాకేటి తెల్సు?
మా ఇద్దిలో ఊరుకోడం అన్నదే నేదు.
సప్పుడు తగ్గితే పెళ్లోరి పరువు తగ్గినట్టు.
పాటకీ పాటకీ సందులో తాసావోడు నింపీస్తాడు,
ఆడు బీడీ ఎలిగిస్తే నాను,
నాను దగ్గితే జనరేటరు.
ఊపిరి పీల్సుకో అందామనుకున్నాను.
ఈలోగా ఫోను కట్టయిపోనాది.

బుధవారం రాత్రి, గంటస్తంభం కాడ,
పెళ్లికొడుకు కారు మలుపు తిరగతంది.
కుర్రోళ్లు రోడ్డు మీద పడి దొర్లుతన్నారు.
నాను సెయ్యెత్తీసినాను.
ఎందుకో నాకే తెల్దు.
తొమ్మిది మందిమి ఆగిపోనాం,
పుల్లలు గాల్లో, ఊదీవోళ్ల బుగ్గలు అలగే ఉబ్బి.
ఒకటి.
దొర్లుతున్నోడు తలెత్తి సూసినాడు.
రెండు.
లైటు మోస్తన్న సూరమ్మ మొదటిసారి మెడ తిప్పినాది.
మూడు.
ఎక్కడో షట్టరు దించిన సప్పుడు ఇనిపించినాది,
ఇన్నేళ్లలో ఈ బజార్లో ఇననిది.
నాలుగు అనుకునీలోగా
నా ఏలు టక్‌మన్నాది డ్రమ్ము మీద.

పెళ్లికొడుకు మేనమామ
"సచ్చిపోనారేట్రా అందరూ!" అని
రెండొందలు కోసీసినాడు.

ఆదివారం ఇది సెప్పాల దానికి.
నవ్వుతాది.
లేపోతే,
"లెక్కెట్టింది తొందరగా నాన్నా,
మా లెక్క నిదానం" అంటాది.